‘డ్రా’ చేసిందెవరు?

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ‘ఆఫీసు ఇంగ్లీషు’ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఇంగ్లీషు పంతుల్ని కాను. ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా దిగాను. నాకొచ్చిన ఇంగ్లీషంతా ఫైళ్ళలోంచి వచ్చిందే. కాబట్టి షేక్స్‌పియర్ జోలికి పోకుండా ఒకే ఒక్క క్రియాపదం తీసుకుంటాను. అది ‘డ్రా’. మూడు ముక్కల మాట. డ్రా, డ్రూ, డ్రాన్. చిన్నప్పుడు బెత్తం దెబ్బల మధ్య బట్టీ పట్టిన వరస.

ఈ మాట రాని పెన్షనరు లేడు. ఏబీసీడీలు రానివారు కూడా ‘పెన్షన్ డ్రా చేసుకొచ్చాను’ అంటారు. అందరికీ తెలిసిన మాట కనుక దాని అర్థమేమిటో ఎవరూ ఆగి చూడరు. అలా చూడకపోవడం వల్ల మనవాళ్ళకు డబ్బు నష్టం జరిగింది, మర్యాద నష్టం కూడా జరిగింది. అందుకే ఈ మాటను ఎంచుకున్నాను.

ముందు మామూలు వాడుక చూద్దాం. బావిలో నీళ్ళు తోడితే ఇంగ్లీషువాడికి డ్రా. ఎద్దులు బండి లాగితే డ్రా. పిల్లవాడు బొమ్మ వేస్తే డ్రా, గీత గీస్తే డ్రా. ఒరలోంచి కత్తి దూస్తే డ్రా. నర్సమ్మ రక్తం తీస్తే డ్రా. ఊపిరి పీల్చుకుంటే డ్రా. లాటరీ చీటీ తీస్తే డ్రా. తిరునాళ్ళకు జనం విరగబడి వస్తే, ఆ జనాన్ని రప్పించడమూ డ్రాయే. రెండు పక్షాలూ గెలవని ఆట డ్రా. మనకు తోడటం, లాగడం, గీయడం, దూయడం, తీయడం, పీల్చడం అని వేరువేరు మాటలున్నాయి. అక్కడ ఒక్కటే. మన భాష సంపన్నమైనదా, వాళ్ళది పొదుపైనదా అన్న చర్చ ఇప్పుడు వద్దు, భోజనాల వేళ దాటిపోతుంది.

ఈ వాడుకల్లో చాలావాటికి మూలం ఒక్కటే. ఉన్నదాన్ని తనవైపు లాక్కోవడం. పాత ఇంగ్లీషులో ఆ మాట ‘డ్రాగన్’. రాక్షసబల్లి కాదండోయ్, ‘లాగడం’ అని అర్థం. ఈడ్చడం అనే అర్థంలో వాడే ‘డ్రాగ్’ దీనికి తోబుట్టువు. బొమ్మ గీయడం కూడా ఒకరకంగా కాగితంమీద కలాన్ని లాగడమే కదా.

ఈ కుటుంబంలో ఇంకా కొందరు సభ్యులు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. బల్లకు లాగుడు సొరుగు ఉంటే అది డ్రాయరు. పూర్వం మగవాళ్ళు లోపల తొడిగే డ్రాయరు కూడా పైకి లాక్కుని వేసుకునేది కాబట్టే డ్రాయరు. డ్రాయింగు రూములో ఎవరూ బొమ్మలు వేయరు. అది పూర్వం ‘విత్‌డ్రాయింగ్ రూమ్’. భోజనాలయ్యాక పక్కకు తప్పుకుని కూర్చునే గది. తల తెగి ‘డ్రాయింగు రూము’ మిగిలింది. ఇక డ్రాఫ్టు. గుమాస్తా రాసి పైకి పెట్టే డ్రాఫ్టయినా, బ్యాంకువాడిచ్చే డిమాండ్ డ్రాఫ్టయినా ఈ ‘డ్రా’లోంచి పుట్టినవే. నేను నా జీవితంలో పెట్టిన డ్రాఫ్టులు గుట్టగా పోస్తే ఈ హాలు నిండుతుంది. వాటిలో అధికారి ఎర్రసిరా తగలకుండా తిరిగి వచ్చినవి ఒక చేసంచికి సరిపోతాయి.

మా ఆఫీసులో ఈ మాటకు మరో మర్యాద కూడా ఉండేది. కింది ఆఫీసుకు రాసేటప్పుడు ‘మీ దృష్టి ఫలానా ఉత్తరంవైపు డ్రా చేయబడుతున్నది’ అనేవాళ్ళం. పై ఆఫీసుకు రాసేటప్పుడు డ్రా అనకూడదు, ‘ఇన్వైట్’ అనాలి. కిందివాణ్ణి లాగవచ్చు, పైవాణ్ణి ఆహ్వానించాలి. కొత్తగా చేరిన కుర్రవాడొకడు కలెక్టరుగారి దృష్టిని ‘డ్రా’ చేశాడని ఫైలు మూడుసార్లు తిరగ్గొట్టారు.

సరే, అసలు విషయానికి వస్తాను. డబ్బు దగ్గర ‘డ్రా’ అంటే ఏమిటి? చెక్కు సంగతి చూడండి. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో ఏడో సెక్షను ఉంది. చెక్కు రాసి సంతకం పెట్టినవాడు డ్రాయరు. ఎవరిని చెల్లించమని రాశాడో వాడు డ్రాయీ, అంటే బ్యాంకు. డబ్బు ఎవరి పేరున రాశాడో వాడు పేయీ. అంటే డబ్బు చేతికి వచ్చేవాడు డ్రాయరు కాదు. ఈ తేడా చాలామందికి తిరగబడుతుంది. చెక్కు వాపసు వచ్చినప్పుడు ‘రిఫర్ టు డ్రాయర్’ అని రాస్తే, చెక్కు ఇచ్చినవాణ్ణి అడగమని అర్థం. బల్ల సొరుగు వెతకమని కాదు.

మన జీతాల విషయంలోనూ అంతే. ఇక్కడున్న కుటుంబ సభ్యులకు, ముఖ్యంగా పిల్లలకు, ఆ రోజులెలా ఉండేవో కొంచెం చెబుతాను. నెల చివర పది రోజులూ గుమాస్తాకు జీతాల బిల్లే లోకం. ఏ.పీ.టి.సి. ఫారం నలభై ఏడు. అందులో పేరు, హోదా, మూలవేతనం, కరువుభత్యం, ఇంటద్దె, కోతలు. అడ్డం మొత్తం, నిలువు మొత్తం సరిపోవాలి. ఒక్క రూపాయి తేడా వస్తే రాత్రి తొమ్మిదింటికి కూడా ఆఫీసులో లైటు వెలుగుతూనే ఉండేది. బిల్లుమీద డ్రాయింగ్ అండ్ డిస్బర్సింగ్ ఆఫీసరు సంతకం పెడతాడు. దాన్ని సబ్ ట్రెజరీకి పట్టుకెళితే కిటికీ దగ్గర బిల్లు తీసుకుని టోకెన్ బిళ్ళ ఇస్తారు. అక్కడ ఒకరు తనిఖీ చేస్తారు, ఒకరు అభ్యంతరం రాస్తారు. మనం చేతులు కట్టుకుని సమాధానం చెబుతాం. సబ్ ట్రెజరీ ఆఫీసరు పాసు చేస్తే బిల్లు బ్యాంకుకు పోతుంది. బ్యాంకులో నోట్ల కట్టలు తీసుకుని, అటెండరును తోడు పెట్టుకుని, సంచీ గుండెకు హత్తుకుని ఆఫీసుకు రావాలి. అప్పుడు అక్విటెన్స్ రిజిస్టరు తెరుస్తారు. రెవెన్యూ స్టాంపు అంటించి, దానిమీద సంతకం పెట్టి ఎవరి జీతం వాళ్ళు లెక్క చూసుకుని పుచ్చుకుంటారు.

ఇందులో ‘డ్రా’ చేసిందెవరు? డ్రాయింగ్ ఆఫీసరు. ఆయన హోదాలోనే ఆ మాట ఉంది. ఉద్యోగి చేసిందేమిటి? పుచ్చుకున్నాడు, ముట్టినట్టు సంతకం పెట్టాడు. ట్రెజరీ గడప తొక్కని అటెండరుకు, రికార్డ్ అసిస్టెంటుకు ఆ బిల్లులో ఏం రాశారో తెలియదు. పే ఫిక్సేషన్ చేసింది ఒకరు, సరిచూసింది ఇంకొకరు, సంతకం చేసింది మరొకరు.

అయితే మన సర్కారువారి పుస్తకాల్లోనే ఈ మాటకు మరో అర్థం కూడా ఉంది. అక్కడే చిక్కు. 1922 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఫండమెంటల్ రూల్సు తీసుకోండి. పదిహేడో రూలు ఏమంటుంది? ఉద్యోగి ఆ పోస్టులో పనికి చేరిన తేదీనుంచి దాని జీతభత్యాలు ‘డ్రా’ చేయడం మొదలవుతుంది, ఆ విధులు మానగానే ‘డ్రా’ చేయడం ఆగిపోతుంది అంటుంది. ఇరవై నాలుగో రూలు ఏమంటుంది? నిలుపుదల చేస్తే తప్ప ఇంక్రిమెంటును మామూలుగానే ‘డ్రా’ చేసుకోవాలి అంటుంది. ఇక్కడ డ్రా చేసేవాడు ఉద్యోగే. కాని ఇక్కడ డ్రా అంటే ట్రెజరీలోంచి నోట్లు తేవడం కాదు. ఆ మొత్తానికి హక్కు కలగడం. జీతం నాలుగు నెలలు ఆలస్యమైనా ఈ రూలు ప్రకారం ఆ తేదీనుంచే నీకు అది చెందుతుంది.

అంటే ఒకటే మాట, రెండు పుస్తకాలు, రెండు అర్థాలు. ఫండమెంటల్ రూల్సులో డ్రా అంటే హక్కుగా చెందడం. ట్రెజరీ కోడులో డ్రా అంటే బిల్లు పెట్టి ఖజానాలోంచి సొమ్ము తీయడం. మొదటిదానికి కర్త ఉద్యోగి. రెండోదానికి కర్త డ్రాయింగ్ ఆఫీసరు. మన తెలుగు వ్యాకరణంలో కర్త, కర్మ, క్రియ అని చెప్పుకున్నాం కదా. ఆఫీసు ఇంగ్లీషులో కర్తను మాయం చేయడం ఒక విద్య. ‘డ్రాన్’ అని ఒక్క మాట రాస్తే చాలు, ఎవరు తీశారో చెప్పనక్కరలేదు.

దీనివల్ల ఏం జరుగుతుందో చెబుతాను. నాతో పనిచేసిన ఒక రికార్డ్ అసిస్టెంటు రిటైరయ్యాక కొన్నేళ్ళకు కాలం చేశాడు. నిదానస్తుడు, ఒకరి కాఫీ కూడా తాగేవాడు కాదు. 2016లో ఆయన భార్యకు ఒక మెమో వచ్చింది. ఏ ఆఫీసునుంచన్నది ఇక్కడ అనవసరం. ఎప్పుడో పాత పే స్కేళ్ళు వచ్చినప్పుడు ఒక ఇంక్రిమెంటు ఎక్కువ కలిపి ఫిక్స్ చేశారట. అది ఇరవై ఏళ్ళ తర్వాత కనిపెట్టారు. ‘మీ భర్త ఎక్కువ డ్రా చేసిన రూ.86,000 పైచిలుకు మొత్తాన్ని మీ ఫ్యామిలీ పెన్షన్‌నుంచి వాయిదాలలో రాబట్టడం జరుగుతుంది’ అని సారాంశం. రెండు వాయిదాలు అప్పటికే పట్టుకున్నారు కూడా.

ఆవిడ మా ఇంటికి వచ్చింది. కాగితం చేతిలో పెట్టి అడిగిన మొదటి మాట డబ్బు గురించి కాదు. ‘అన్నయ్యగారూ, మావాడు చదివి చెప్పాడు. ఆయన ఎక్కువ డ్రా చేశారని రాశారట. అంటే ఆయన దొంగతనం చేశారనా?’ అంది. ‘కాదమ్మా, అది ఆఫీసు భాష’ అన్నాను. ‘మరి ఆఫీసు భాషలో ఆయన పేరే ఎందుకు రాశారు?’ అంది. ఐదో తరగతి చదివిన మనిషి. వ్యాకరణంలో లోపం ఎక్కడుందో సరిగ్గా అక్కడే వేలు పెట్టింది.

నేను ఆవిడ తరఫున జవాబు డ్రాఫ్టు పెట్టాను. మొదటి వాక్యం ఇది: ‘నా భర్త ఏ మొత్తాన్నీ డ్రా చేయలేదు. ఆయన పని చేసిన కాలమంతా బిల్లులు తయారుచేసి డ్రా చేసినది డ్రాయింగ్ అధికారి. నా భర్తకు చెల్లించబడినది.’ ఆ తర్వాతే సుప్రీంకోర్టు తీర్పు చూపించాను. ఈ తీర్పు పేరు మీ డైరీల్లో రాసుకోండి. స్టేట్ ఆఫ్ పంజాబ్ వర్సెస్ రఫీక్ మసీహ్, 2014 డిసెంబరు 18. ఉద్యోగి మోసం, తప్పుడు సమాచారం లేకుండా, ఆఫీసు పొరపాటువల్ల ఎక్కువ చెల్లింపు జరిగితే, కొన్ని సందర్భాల్లో దాన్ని రాబట్టకూడదని కోర్టు చెప్పింది. క్లాస్ త్రీ, క్లాస్ ఫోర్ ఉద్యోగులనుంచి రాబట్టకూడదు. రిటైరయినవారినుంచీ, రికవరీ ఆర్డరు వేసిన ఏడాదిలోగా రిటైరు కాబోతున్నవారినుంచీ రాబట్టకూడదు. రికవరీ ఆర్డరుకు ముందు ఐదేళ్ళకు మించి ఆ చెల్లింపు సాగి ఉంటే రాబట్టకూడదు. పైపోస్టు పని పొరపాటున చేయించుకుని, ఆ జీతం ఇచ్చి, తర్వాత వెనక్కి తీసుకోకూడదు. రాబట్టడం మరీ అన్యాయమని కోర్టుకు తోచిన సందర్భాల్లో కూడా కూడదు. మా రికార్డ్ అసిస్టెంటు విషయం మొదటి మూడింటికీ సరిపోయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే నేను మిమ్మల్ని తప్పుదారి పట్టించినవాణ్ణవుతాను. 2016 జులై 29న పంజాబ్, హర్యానా హైకోర్టు వర్సెస్ జగదేవ్ సింగ్ అనే కేసులో అదే సుప్రీంకోర్టు ఒక మెలిక పెట్టింది. కొత్త స్కేళ్ళకు ఆప్షన్ ఇచ్చేటప్పుడు ‘ఎక్కువ చెల్లించినట్టు తేలితే తిరిగి ఇస్తాను’ అని ఒప్పుకుని సంతకం పెట్టిన అధికారి ఆ మాటకు కట్టుబడాలన్నది. ఆయన న్యాయాధికారి, చిన్న ఉద్యోగి కాదు. అయినా ఆఫీసులవాళ్ళు ఆ తీర్పునే చూపిస్తారు. అందుకని మేం ఆప్షన్ ఫారం నకలు అడిగాం. నెల తర్వాత ఇచ్చారు. అందులో అలాంటి వాక్యం లేదు. పద్నాలుగు నెలలు తిరిగాక రికవరీ ఆపి, పట్టుకున్న వాయిదాలు వెనక్కి ఇచ్చారు. ఆపుతున్నామని వచ్చిన మెమోలో కూడా ‘ఎక్కువ డ్రా చేసిన మొత్తం’ అనే ఉంది. ఆవిడ దాన్ని చూపించి, ‘డబ్బు వచ్చింది, మాట మాత్రం మారలేదు అన్నయ్యగారూ’ అంది. ఆ మాట మార్పించడానికి ఇంకో కాగితం పెట్టాం. దానికి జవాబు ఇంతవరకూ లేదు.

మనకు బాగా పరిచయమైన మరో కాగితం డ్యూ అండ్ డ్రాన్ స్టేట్‌మెంటు. పే రివిజన్ వచ్చినా, డి.ఏ. పెరిగినా, దీని ముఖం చూడకుండా ఎరియర్స్ రావు. ఎడమవైపు గడి డ్యూ, అంటే నీకు రావలసింది. దాని పక్క గడి డ్రాన్, అంటే ఇప్పటికే తీసి ఇచ్చేసింది. చివరి గడి తేడా. మచ్చుకు నెలకు రావలసింది రూ.13,400, ఇచ్చింది రూ.12,950 అయితే తేడా రూ.450. ఏడు నెలలకు రూ.3,150. ఇంతకన్నా బ్రహ్మవిద్య లేదు. కాని మనవాళ్ళు చివరి గడి మాత్రమే చూసి సంతకం పెడతారు. చూడవలసింది డ్యూ గడి. డ్రాన్ గడిలో తప్పు జరిగితే బ్యాంకు పాసు పుస్తకంతో పట్టుకోవచ్చు. డ్యూ గడిలో తక్కువ వేస్తే అది మనకు తెలిసే మార్గం లేదు, ఆ తప్పు చచ్చేవరకూ ప్రతి నెలా మనతోనే వస్తుంది.

ఇక ‘లాస్ట్ పే డ్రాన్’. పెన్షనంతా దీనిమీదే లెక్క. పెన్షన్ రూల్సులో నిజానికి ‘రిటైర్మెంటుకు ముందు పొందుతున్న’ వేతనం అనే అర్థంలో ‘రిసీవింగ్’ అని ఉంది. కాని ఫారాల్లోనూ, మన నోళ్ళలోనూ ‘లాస్ట్ పే డ్రాన్’ అని స్థిరపడింది. ఈ మాట చుట్టూ దేశమంతటా పెద్ద పేచీ నడిచింది. జూన్ 30న రిటైరయ్యే ఉద్యోగిని తీసుకోండి. అతని ఇంక్రిమెంటు తేదీ జులై 1. ఏడాది పొడుగునా పని చేశాడు, ఏ శిక్షా లేదు. కాని జులై 1న అతను ఉద్యోగంలో లేడు. కనుక ఆ ఇంక్రిమెంటు డ్రా చేయలేదు, లాస్ట్ పే డ్రాన్‌లో అది కలవదు అన్నారు. ఒక్క రాత్రి తేడాతో జీవితాంతం పెన్షనులో కోత. 2005లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచి కూడా ప్రభుత్వం వైపే చెప్పింది. 2017లో మద్రాసు హైకోర్టు ఉద్యోగి వైపు చెప్పింది. చివరకు 2023 ఏప్రిల్ 11న సుప్రీంకోర్టు కర్ణాటక పవర్ ట్రాన్స్‌మిషన్ కార్పొరేషన్ కేసులో తేల్చింది. ఏడాది సేవ పూర్తి చేసిననాడే ఇంక్రిమెంటు ‘ఎర్న్’ అయింది, సంపాదించుకున్నాడు, మర్నాడు ఉద్యోగంలో లేడన్న కారణంతో దాన్ని కాదనడానికి లేదు అన్నది. మన హైకోర్టు చెప్పిన అభిప్రాయాన్ని అంగీకరించలేదు.

చూశారా, డ్రా అన్న క్రియ స్థానంలో ఎర్న్ అన్న క్రియ పెట్టేసరికి కేసు తిరిగిపోయింది. డ్రా చేయడం మర్నాటి పని. సంపాదించడం గడిచిన మూడువందల అరవై అయిదు రోజుల పని. 2025 ఫిబ్రవరి 20న ఇచ్చిన ఉత్తర్వులో, కోర్టుకు వెళ్ళని మిగతావారికి ఈ పెంపు 2023 మే 1నుంచి మాత్రమే వర్తిస్తుందని, అంతకు ముందు కాలానికి బకాయిలు ఉండవని చెప్పారు. కేంద్ర ప్రభుత్వంలో రిటైరయిన సభ్యులు తమ ఇంక్రిమెంటు తేదీ ఒకసారి చూసుకోండి. రాష్ట్ర ప్రభుత్వ సభ్యుల ఇంక్రిమెంటు తేదీలు ఒక్కొక్కరివీ వేరు కాబట్టి సర్వీసు రిజిస్టరు చూడందే నేను ఏదీ చెప్పలేను.

కొంతమంది మిత్రులు, ‘పెన్షన్ సర్కారు ఇస్తోంది కదా, ఇచ్చిందే పదివేలు’ అంటుంటారు. నాకు ఆ మాట నచ్చదు. ఉన్నదాన్ని తనవైపు లాక్కోవడమే డ్రా అని మొదట్లో చెప్పాను. నీళ్ళు లేని బావిలో ఎవరూ తోడలేరు. అక్కడ మన నీళ్ళున్నాయి కాబట్టే తోడుతున్నాం. 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో పెన్షన్ హక్కేగాని సర్కారు దయ కాదని సుప్రీంకోర్టు చెప్పింది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో మరింత విస్తారంగా చెప్పింది. మనం ఏటా డిసెంబరు 17న పూలదండలు వేసుకునేది అందుకే. ఆ రోజు ఉపన్యాసాల్లో ‘ప్రభుత్వం దయతలచి’ అనే మాట వినిపించినప్పుడల్లా నాకు పంటికింద రాయి పడ్డట్టుంటుంది.

చివరిగా కుటుంబ సభ్యులకు ఒక విషయం. ఇది మనం బతికుండగా ఇంట్లో చెప్పవలసింది, కాని చెప్పం. చావు మాట ఎత్తితే ‘అపశకునం’ అని నోరు మూయిస్తారు. సరే, ఇక్కడ మైకు నా చేతిలో ఉంది.

పెన్షనరు పోయిన రోజు కూడా కలుపుకుని అంతవరకూ పెన్షన్ డ్యూ. మర్నాటినుంచి ఫ్యామిలీ పెన్షన్ డ్యూ. ఉదాహరణకు పద్దెనిమిదో తేదీన పోతే, పద్దెనిమిది రోజుల పెన్షన్ ఆయనది. పంతొమ్మిదినుంచి భార్యది. మన దగ్గర నెల గడిచాక మరుసటి నెల మొదట్లో డబ్బు పడుతుంది. కబురు చెప్పకపోతే ట్రెజరీకి తెలియదు, నెలనెలా పూర్తి పెన్షన్ ఆయన ఖాతాలో పడుతూనే ఉంటుంది. దినకర్మల ఖర్చు ముందుంటుంది, ఏ.టి.ఎం. కార్డు కొడుకు జేబులో ఉంటుంది, పిన్ నంబరు తెలుసు. అతను విత్‌డ్రా చేస్తాడు. నాలుగు నెలల తర్వాత మెమో వస్తుంది. ఈసారి మెమోలో ‘ఎక్కువ డ్రా చేశారు’ అని రాస్తే అది సరైన వాక్యమే. కర్త కూడా సరైనవాడే. రఫీక్ మసీహ్ తీర్పు ఇక్కడ అక్కరకు రాదు. కాబట్టి మొదటి వారంలోనే మరణ సమాచారం ట్రెజరీకి, బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. కార్డు వాడకండి.

దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. డ్యూ అయి డ్రా కానిది. పోయిన నెలలో ఆయన బతికున్న రోజుల పెన్షన్, డి.ఆర్. బకాయిలు, పే రివిజన్ బకాయిల్లో ఇంకా రాని వాయిదాలు. వీటినే లైఫ్ టైమ్ ఎరియర్స్ అంటారు. ఫ్యామిలీ పెన్షన్ మొదలయింది కదా అని వీటిని చాలామంది వదిలేస్తున్నారు. అడిగితేనే వస్తాయి. నామినేషన్ ఉంటే పని తొందరగా అవుతుంది. లేకపోతే వారసత్వ కాగితాల కోసం నెలల తరబడి తిరగాలి. మీలో ఎంతమంది నామినేషన్ ఇచ్చారో చేతులెత్తమంటే హాల్లో సగం చేతులు కూడా లేవవని నాకు తెలుసు. అందుకే ఎత్తమనడం లేదు.

డ్యూ అండ్ డ్రాన్ స్టేట్‌మెంటు ఖాళీ నమూనాలు, నామినేషన్ ఫారాలు గుమ్మం దగ్గర బల్లమీద పెట్టించాను. తలా ఒకటి తీసుకోండి. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ కూర్చుని, డ్యూ గడిని ముందు పెన్సిలుతో నింపండి. రాని గడులు వదిలేయండి. వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం పది గంటలనుంచి నేను ఈ హాల్లోనే ఉంటాను. పాసు పుస్తకం, పి.పి.ఓ. కాగితం, ఎవరికైనా రికవరీ మెమో వచ్చి ఉంటే అదీ తీసుకురండి. కళ్ళజోళ్ళు మాత్రం మరిచిపోకండి, నాది ఒక్కటే ఉంది, అది అందరికీ సరిపడదు.